చూసినందుకు డబ్బులెవరిస్తారు నైనా

పాత కారు పొద్దున్నే సెల్ఫ్ తీసుకోకపోతే చుట్టూ ఉన్నవాళ్లందరూ ఒకే మాట చెబుతారు, బ్యాటరీ పోయింది మార్చేయ్ అని. వాచ్‌మన్ అంటాడు, పక్క ఫ్లాటాయన అంటాడు, బ్యాటరీ షాపువాళ్లు ఎలాగూ అంటారు. నేనూ ఆ మాటే నమ్మాను. 2024 జూలై నుంచి నవంబరు దాకా బ్యాటరీకి 4,300, ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ రిపేరుకి 3,200, యాక్సిలరేటర్ కేబుల్‌కి 650, తడ దగ్గర ఆగిపోయిన బండిని చెన్నై దాకా ఎక్కించుకొచ్చినందుకు 3,500, మొత్తం 11,650 రూపాయలు ఖర్చు పెట్టాను. చివరికి తప్పు దొరికింది ఇంజిన్‌నీ బండి బాడీనీ కలిపే, జానెడు పొడవున్న ఒక ఎర్త్ పట్టీలో. కొత్త పట్టీ ఖరీదు 150 రూపాయలు.

డబ్బు పోయిందనే బాధ ఉంది, లేదనను. కానీ నన్ను ఇప్పటికీ వదలని విషయం ఇంకొకటి. ఆ అయిదు నెలల్లో నా బండిని నలుగురు చూశారు, అందులో ముగ్గురి చేతిలో వోల్టేజీ కొలిచే మీటరు ఉంది, ఒక్కరూ సరైన చోట పెట్టి కొలవలేదు. ఎందుకని ఆలోచించే కొద్దీ తప్పు వాళ్లది మాత్రమే కాదని, డబ్బులిచ్చే నాలాంటివాళ్లకీ అందులో సగం వాటా ఉందని గట్టిగా అనిపిస్తోంది. మనం పార్టుకి డబ్బులిస్తాం, చూసినందుకు ఇవ్వం. ఇవ్వనప్పుడు ఎవరు మాత్రం తీరిగ్గా కూర్చుని చూస్తారు?

బండి సంగతి చెబుతాను. 1998 మారుతీ 800, కార్బురేటర్‌ది. నాన్న నెల్లూరులో కొన్నాడు. ఆయన నడపడం మానేశాక కాగితాలు మార్పించుకుని నేను చెన్నైలో వేళచ్చేరికి తెచ్చుకున్నాను. ఈ మోడల్ తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయినా చెన్నైలో పాత పార్టులమ్మే పుదుప్పేటలో ఓపిగ్గా వెతికితే పార్టులు దొరుకుతాయి కాబట్టి దాన్ని వదులుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చింది కదా, చెన్నైని ముంచేసి మా నెల్లూరు తీరం పక్కగా పోయి బాపట్ల దగ్గర ఒడ్డెక్కింది, అప్పుడు మా వీధిలో రెండు రోజులు మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. బండి చక్రాలు సగం పైన మునిగాయి. నీళ్లు పోయాక ఇంజిన్ ఆయిల్ మార్పించాను, గేరు ఆయిల్ మార్పించాను, బ్రేకులు విప్పి శుభ్రం చేయించాను, కార్పెట్లు వారం రోజులు మేడ మీద ఎండబెట్టాను. కింద ఎక్కడో బోల్టుల దగ్గర ఉండే ఎర్త్ జాయింట్ల సంగతి ఎవరూ అనలేదు, నాకూ తట్టలేదు. అవి ఏడు నెలలు నిదానంగా తుప్పు పట్టాయి.

జూలైలో సెల్ఫ్ నీరసంగా తిరగడం మొదలైంది. బ్యాటరీకి మూడేళ్లు నిండాయి, చెన్నై ఎండలకు మూడు నాలుగేళ్లలో బ్యాటరీ పోవడం మామూలే, కాబట్టి షాపులో మార్చేయమంటే అనుమానం రాలేదు. మార్చాక అయిదు వారాలు బ్రహ్మాండంగా ఉంది. సెప్టెంబరులో మళ్లీ అదే కథ. ఈసారి ఒక గ్యారేజీలో చూపిస్తే ఇంజిన్ ఆన్‌లో ఉండగానే బ్యాటరీ మైనస్ వైరు పీకి, ఇంజిన్ కాస్త తడబడగానే 'డైనమో వీక్ సార్' అన్నారు, అంటే ఆల్టర్నేటర్. దాని కార్బన్లు, బేరింగులు, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ మార్చారు. రెండు వారాలు బాగుంది. అక్టోబరులో యాక్సిలరేటర్ తొక్కితే బిగుసుకుపోయినట్టు అయింది, కేబుల్ మార్పించాను, దానికీ చార్జింగుకీ సంబంధం ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. నవంబరులో నెల్లూరు నుంచి వస్తుంటే రాత్రి, వాన, హెడ్‌లైట్లు, వైపర్లు, అద్దం మీద ఆవిరి పోవడానికి బ్లోయరు, అన్నీ నడుస్తున్నాయి. సూళ్లూరుపేట దాటేసరికి వైపర్లు నెమ్మదించాయి, లైట్లు పసుపు రంగులోకి దిగాయి, తడ దగ్గర టీ కోసం ఆపి మళ్లీ తాళం తిప్పితే టక్ మని ఒక్క శబ్దం, అంతే. పక్కన మా అమ్మ ఉంది. హైవే అంచున ఆ వానలో గంటన్నర ఆమెను కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ గంటన్నర.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే నేను పదే పదే మోసపోయింది ఇక్కడే. ప్రతి రిపేరు తర్వాతా బండి కొన్నాళ్లు బాగుంది. ఎందుకు బాగుంది? కొత్త బ్యాటరీ షాపు నుంచి నిండుగా చార్జ్ అయి వస్తుంది. ఆల్టర్నేటర్ విప్పిన గ్యారేజీవాళ్లు కూడా బ్యాటరీని రాత్రంతా చార్జర్ మీద పెట్టి ఇచ్చారు. అంటే రెండుసార్లూ నిండు బ్యాటరీతో ఇంటికొచ్చాను, రోజూ కొంచెం కొంచెం ఖర్చయి, నింపేది లేక, కొన్ని వారాలకి ఖాళీ అయింది. బాగుపడింది జబ్బు కాదు, ఆ పూట ఆకలి తీరిందంతే. పార్టు మార్చగానే బండి స్టార్ట్ అయింది కాబట్టి ఆ పార్టే పోయిందనుకోవడం చార్జింగ్ విషయంలో ఎప్పుడూ నమ్మదగిన లెక్క కాదు. కనీసం రెండు నెలలు, అందులో కొన్ని రాత్రి ప్రయాణాలు గడిస్తే తప్ప ఏదీ తేలదు.

తడ నుంచి వచ్చాక ఆఫీసులో ఒకాయన విల్లివాక్కం వైపు ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లమన్నాడు. చిన్న రేకుల షెడ్డు, లోపల ఆర్మేచర్లు, పాత స్టార్టర్లు గుట్టగా పడి ఉన్నాయి. పెద్దాయనకి డెబ్భై దాటి ఉంటాయి, వాళ్ల పెద్దలది చిత్తూరు వైపట, పుట్టి పెరిగింది ఇక్కడే, తెలుగులోనే మాట్లాడాడు. వెంటనే బానెట్ ఎత్తలేదు. ముందు అడగడం మొదలుపెట్టాడు. పగలు మొరాయిస్తుందా, రాత్రి నడిపాకా? ఎర్రదీపం వెలుగుతోందా? వరదలో మునిగిందా? చివరికి, 'ఈ మధ్య ఇంకేం రిపేర్లు చేయించావు నైనా, చార్జింగే కాదు, ఏవైనా సరే' అన్నాడు. యాక్సిలరేటర్ కేబుల్ సంగతి చెప్పగానే ఆయన మొహం మారింది. నన్ను సెల్ఫ్ కొట్టమని, తాను క్లచ్ కేబుల్ మీద చెయ్యి పెట్టాడు. ఓ నాలుగుసార్లు కొట్టాక నన్ను పిలిచి ముట్టుకోమన్నాడు. కేబుల్ వెచ్చగా ఉంది.

అప్పుడు ఆయన చెప్పింది, తర్వాత నేను చదివి రూఢి చేసుకున్నది కలిపి రాస్తున్నాను. కారులో ప్రతి దీపానికీ, మోటారుకీ ప్లస్ వైరు విడిగా వెళ్తుంది, మైనస్ మాత్రం బండి బాడీయే. బ్యాటరీ మైనస్ బాడీకి బిగించి ఉంటుంది. ఇంజిన్ మాత్రం రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది, రబ్బరులో కరెంటు పారదు, అందుకని ఇంజిన్‌నీ బాడీనీ కలపడానికి జడలా అల్లిన ఒక రాగి పట్టీ వేస్తారు. స్టార్టరూ ఆల్టర్నేటరూ రెండూ ఇంజిన్‌కే బిగించి ఉంటాయి కాబట్టి వాటి కరెంటంతా ఈ ఒక్క పట్టీ గుండానే తిరిగి రావాలి. పట్టీ చెడిపోతే కరెంటు ఊరుకోదు, ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇంజిన్‌ని బాడీతో కలిపే ఇనుప తీగలు ఇంకేమున్నాయి? క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్. సెల్ఫ్ కొట్టినప్పుడు పారే కరెంటు 100 ఆంపియర్లు దాటుతుంది, అందులో కొంత భాగం ఆ సన్నటి తీగల్లో పారినా అవి వేడెక్కి లోపలి ప్లాస్టిక్ గొట్టం మెత్తబడుతుంది. నా యాక్సిలరేటర్ బిగుసుకుపోయింది అందుకే. నేను 650 ఇచ్చి మార్పించిన ఆ పాత కేబులే అసలు సాక్ష్యం, దాన్ని చెత్తబుట్టలో వేయించుకుని వచ్చాను.

ఆ తర్వాత మీటరు తీశాడు. ముందు కాయిల్ వైరు పీకి, బండి స్టార్ట్ కాకుండా చేసి, మీటరు ఒక తీగ ఇంజిన్ మీద, ఇంకోటి బ్యాటరీ మైనస్ కొమ్ము మీద పెట్టి నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. రెండూ మైనస్సే కదా, మీటరు సున్నా దగ్గర ఉండాలి, అర వోల్టు లోపు ఉంటే సరిపెట్టుకోవచ్చు. 2.8 వోల్టులు చూపించింది. బ్యాటరీ ఇచ్చిన దాంట్లో దాదాపు మూడు వోల్టులు స్టార్టర్‌కి చేరకుండా దారిలోనే వేడిగా మారిపోతోంది. సెల్ఫ్ నీరసంగా తిరగక ఏం చేస్తుంది?

తర్వాత కాయిల్ వైరు పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేసి, 2,000 ఆర్పీఎం దగ్గర పట్టుకోమని, హెడ్‌లైట్లు హైబీమ్, బ్లోయరు ఫుల్ పెట్టించాడు. ఆల్టర్నేటర్ దగ్గరే కొలిస్తే 14.2. బ్యాటరీ కొమ్ముల మధ్య 12.7. అంటే తయారైన చోట బాగానే ఉంది, చేరాల్సిన చోటికి 1.5 వోల్టులు తక్కువ చేరుతోంది. అది ఎక్కడ పోతోందో వెతకడానికి దారిని ముక్కలు చేశాడు. ఆల్టర్నేటర్ ప్లస్ నుంచి బ్యాటరీ ప్లస్ దాకా 0.3. ఆల్టర్నేటర్ ఒంటి నుంచి బ్యాటరీ మైనస్ దాకా 1.2. ఈ మైనస్ దారిలో మళ్లీ రెండు ముక్కలు: బ్యాటరీ నుంచి బాడీ దాకా 0.05, బాడీ నుంచి ఇంజిన్ దాకా 1.15. వేలు పెట్టి చూపించినట్టు తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది, ఇంకా ఒక్క నట్టు కూడా విప్పలేదు. చివరిగా జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజిన్‌కి కలిపి సెల్ఫ్ కొట్టమన్నాడు. కొత్త బండిలా తిరిగింది. బ్యాటరీ దగ్గర 13.8 వచ్చింది. మొత్తం నలభై నిమిషాలు.

వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంటులో బోరు నీళ్ల వల్ల పైపుల లోపల తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, మోటారు బాగానే తిరుగుతుంది, పైన ట్యాంకు మాత్రం నిండదు. అప్పుడు ట్యాంకు మార్చమని ఎవరూ అనరు, పైపు చూస్తారు. కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరం ట్యాంకే మారుస్తాం.

మరి మిగతావాళ్ల మీటర్లకి ఇది ఎందుకు దొరకలేదు? వాళ్లూ కొలిచారు. గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి, లైట్లు ఆపి, బ్యాటరీ మీద పెడితే 13.9 వచ్చింది, ఇంకేం చార్జింగ్ వస్తోంది అన్నారు. లైట్లు ఆపినప్పుడు ఆ పట్టీలో పారేది అయిదారు ఆంపియర్లే, అడ్డంకి 0.04 ఓమ్ అనుకుంటే పోయేది పావు వోల్టు. అన్నీ వేసినప్పుడు 30 ఆంపియర్లు పారితే అదే అడ్డంకి దగ్గర 1.2 వోల్టులు పోతాయి. పగలు బాగుండి వాన రాత్రుల్లో బండి చచ్చిపోవడానికి లెక్క ఇంతే. లోడు లేకుండా తీసిన రీడింగు పగలు చేసిన పరీక్ష లాంటిది, జబ్బేమో రాత్రిది. ఇంకొకాయన మీటరుని బీప్ మోడ్‌లో పెట్టి పట్టీని చూశాడు, బీప్ వచ్చింది, బాగుందన్నాడు. వంద పోగుల పట్టీలో ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. 0.04 ఓమ్‌ని మామూలు మీటరు ఓమ్ మోడ్‌లో పట్టుకోలేదు, దాని సొంత తీగల అడ్డంకే అంతకంటే ఎక్కువ. అందుకే కరెంటు పారేటప్పుడు ఎంత వోల్టేజీ పోతోందో చూడాలి తప్ప, వైరు తెగిందా లేదా అని కాదు.

డాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ దీపం ఒక్కసారీ వెలగలేదు, దాన్ని చూసి నేను ధైర్యంగా ఉండేవాణ్ణి. ఆ దీపానికి ఒకవైపు బ్యాటరీ ప్లస్, ఇంకోవైపు ఆల్టర్నేటర్ ఉంటాయి, రెండువైపులా వోల్టేజీ దాదాపు సమానమైతే ఆరిపోతుంది. ఆల్టర్నేటర్ ఉత్పత్తి చేస్తోందని మాత్రమే అది చెప్పగలదు. తిరుగుదారిలో ఎంత పోతోందో దానికి తెలియదు. (తాళం తిప్పగానే ఆ దీపం అసలు వెలగకపోయినా అనుమానించాలి. చాలా పాత బండ్లలో ఆల్టర్నేటర్ మేలుకోవడానికి మొదటి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది, బల్బు మాడిపోతే చార్జింగే మొదలవదు. నడుస్తుంటే సన్నగా వెలుగుతుంటే, ఆల్టర్నేటర్ లోపల కరెంటుని ఒకే వైపు పోనిచ్చే డయోడ్ల మీద అనుమానం.)

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకే పరీక్ష గురించి మాత్రం కాస్త కోపంగానే రాస్తాను. ఫోన్‌లో నాన్నకి చెబితే 'మా రోజుల్లో అంబాసిడర్‌కి అట్లాగే చూసేవాళ్లు గదరా' అన్నాడు. నిజమే, ఆ రోజుల్లో ఉన్నది డైనమో. ఇప్పటికీ అందరం డైనమో అనే అంటున్నాం గానీ మన బండ్లలో ఉన్నది ఆల్టర్నేటర్. డైనమో నిదానంగా తిరిగేటప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు, అందుకే పాత బండ్లు సిగ్నల్ దగ్గర ఆగితే లైట్లు మినుకుమనేవి. సిలికాన్ డయోడ్లు అందుబాటులోకి వచ్చాక, 1960లో క్రైస్లర్ వాలియంట్‌తో మొదలుపెట్టి, కార్లు ఆల్టర్నేటర్‌కి మారాయి. బ్యాటరీ ఆ ఆల్టర్నేటర్‌కి కుదుపులు తట్టుకునే పరుపు లాంటిది. ఎక్కువ కరెంటు పారుతుండగా ఒక్కసారిగా పరుపు లాగేస్తే వోల్టేజీ క్షణంలో పదుల వోల్టులకు ఎగుస్తుంది. డయోడ్లు పోవచ్చు, రెగ్యులేటర్ పోవచ్చు, కార్బురేటర్ బండిలో అంతటితో ఆగుతుంది, ఇంజెక్షన్ బండి అయితే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటరు, ఈసీయూ అంటారే, అది కూడా పోవచ్చు. మీ కళ్ల ముందు ఎవరైనా ఆ వైరు మీద చెయ్యి వేస్తే దయచేసి ఆపండి. ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా సరే.

సరే, నాలాగే పాత బండి ఉన్నవాళ్ల కోసం కొంచెం. చెన్నై రిచీ స్ట్రీట్‌లో 600 రూపాయలకి నేను కొన్న మీటరు ఈ పనులన్నింటికీ చాలు. రాత్రి నిలిపిన బండిని పొద్దున ముట్టుకోకుండా బ్యాటరీ కొలవండి: 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే ఉన్నట్టు, 12కి దిగితే పావు వంతే. సగం ఖాళీగా వారాల తరబడి ఉంటే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది, అందుకే చార్జింగ్ తప్పు సరిచేయకుండా కొత్త బ్యాటరీ వేస్తే అది కూడా త్వరగానే పాడవుతుంది. ఇంజిన్ నడుస్తుంటే, లైట్లూ బ్లోయరూ వేసి ఉండగా 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. మే నెల మధ్యాహ్నం అన్నా నగర్ ట్రాఫిక్‌లో అరగంట నిలబడ్డాక 13.7, 13.8 కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, వేడికి రెగ్యులేటర్లు కావాలనే కాస్త తగ్గిస్తాయి. 15 దాటితే మాత్రం ఆ రోజే చూపించాలి, బ్యాటరీ ఉడికిపోతుంది.

ఫ్యాన్ బెల్టు వదులైతే కూడా లోడు మీద వోల్టేజీ పడుతుంది, తడిగా ఉన్న పొద్దున కీచుమంటుంది, లోపలి అంచులు అద్దంలా మెరుస్తుంటే బిగించినా లాభం లేదు, మార్చాల్సిందే. మీటరుని ఏసీ వోల్టుల్లో పెట్టి బ్యాటరీ మీద చూసినప్పుడు అర వోల్టు దాటితే డయోడ్ పోయినట్టు అనుమానించాలి.

నిలిపిన బండిలో బ్యాటరీ దిగిపోవడం వేరే జబ్బు, దాన్ని దీంతో కలపకూడదు. తాళం తీసేసి, తలుపులన్నీ మూసి, మైనస్ వైరు విప్పి మధ్యలో మీటరుని 10 ఆంపియర్ల దగ్గర పెట్టి చూస్తే 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. (ఆ స్థితిలో పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.) అర ఆంపియర్ కారుతుంటే రోజుకి 12 ఆంపియర్ అవర్లు, మా 800లో ఉన్నది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, మూడు రోజుల్లో ఖాళీ. అప్పుడు ఒక్కొక్క ఫ్యూజూ తీస్తూ పోతే ఎక్కడ కారుతోందో తెలుస్తుంది, ఫ్యూజులన్నీ తీసినా ఆగకపోతే ఆల్టర్నేటర్ డయోడ్ వైపు చూడాలి. ఇంకొకటి, పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని తోసి స్టార్ట్ చేసి ఆఫీసుకి పోయొస్తే నిండుతుందనుకోవద్దు. విప్పి, మా బ్యాటరీ అయితే 3.5 ఆంపియర్ల దగ్గర రాత్రంతా చార్జర్ మీద పెట్టాలి.

మళ్లీ పెద్దాయన దగ్గరికి వస్తాను. కింద నుంచి విప్పి తెచ్చిన పట్టీని నా చేతిలో పెట్టాడు. బోల్టు కింద ఆకుపచ్చ పొడి, జడలో సగానికి పైగా పోగులు చివికిపోయి వేళ్లతో నలిపితే రాలాయి. బాడీ మీద పెయింటు, తుప్పు గీకి మెరుపు తేల్చి, కొత్త పట్టీ, పళ్ల వాషరు వేసి బిగించి, బిగించాకే పైన వాజిలీన్ రాశాడు. ప్లస్ వైపు జాయింటు కూడా గీకాడు. అన్నీ ఆన్ చేసి కొలిస్తే బ్యాటరీ మీద 14.0.

ఎంతివ్వాలి పెద్దాయనా అన్నాను. 'పట్టీకి 150, బిగించినందుకు 150' అన్నాడు. నలభై నిమిషాలు మీటరు పట్టుకుని వెతికారు కదా, దానికి? ఆయన నవ్వాడు. 'చూసినందుకు డబ్బులెవరిస్తారు నైనా. అడిగితే ఏమీ మార్చలేదు గదా అంటారు.'

ఆ మాట నాకు లోపల గుచ్చుకుంది, ఎందుకంటే నేనే ఆ మాట అని ఉండేవాణ్ణి. 3,200 బిల్లులో కార్బన్లు, బేరింగులు, రెగ్యులేటర్ అని మూడు వరుసలు చూసి కిక్కురుమనకుండా కట్టాను. అదే గ్యారేజీ 'పరీక్షించి చూసినందుకు 500, ఆల్టర్నేటర్‌లో లోపం లేదు' అని రాసిస్తే గొడవ పడేవాణ్ణి. ఒంట్లో బాగోకపోతే రక్తపరీక్షకి డబ్బు కట్టి, అన్నీ మామూలుగా ఉన్నాయని వస్తే సంతోషంగా ఇంటికొస్తాం. బండి విషయంలో మాత్రం ఏదో ఒకటి పాత కవరులో చుట్టి 'ఇదిగో సార్ పోయిన పార్టు' అని చేతిలో పెడితేనే మనకి నమ్మకం. పైగా బ్యాటరీ మారిస్తే షాపుకి కొత్తదాని మీద లాభం, పాతదాని సీసానికి ధర. కొలిస్తే వచ్చేది సున్నా. ఇలాంటి లెక్కలో నలుగురిలో ఒక్కరైనా అరగంట కూర్చుని కొలుస్తారని ఆశించడం న్యాయం కాదు.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. చూసినందుకు డబ్బులిస్తే చూడకుండానే చూశామని తీసుకుంటారు అంటాడు మా బావ. అలా తీసుకునేవాళ్లు ఉంటారు, నిజమే. అందుకే నేను అంకెలు రాసిమ్మంటాను. లోడు మీద బ్యాటరీ దగ్గర ఎంత, ఆల్టర్నేటర్ దగ్గర ఎంత, ప్లస్ దారిలో ఎంత పోయింది, మైనస్ దారిలో ఎంత పోయింది, సెల్ఫ్ కొట్టినప్పుడు ఎంతకి దిగింది, ఈ అయిదు అంకెలు కాగితం మీద ఉంటే మోసం చేయడం కష్టం, ఇంకో మెకానిక్ అదే చోట పెట్టి సరిచూడగలడు. మార్చిన పార్టు అబద్ధమో నిజమో తేల్చడం కంటే రాసిన అంకెని తేల్చడం సులువు. ఇంకో మాట కూడా అంటారు, ఇంజెక్షన్ బండ్లు, సెన్సార్లు వచ్చాక ఈ పాత పద్ధతులెందుకని. కొత్త బండ్లలో కంప్యూటరే ఆల్టర్నేటర్ వోల్టేజీని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, వాటికి స్కానర్ కావాలి, ఒప్పుకుంటాను. కానీ వాటిలో కూడా ఇంజిన్ రబ్బరు మీదే కూర్చుంటుంది, వాటికీ ఎర్త్ పట్టీ ఉంటుంది, చెన్నై సముద్రపు గాలి వాటికీ తగులుతుంది.

ఆ రోజు పెద్దాయనకి 800 ఇచ్చాను. 300 చేసిన పనికి, 500 చూసినందుకు అని విడిగా చెప్పి మరీ ఇచ్చాను. వద్దని చాలాసేపు అన్నాడు, చివరికి తీసుకున్నాడు. ఆ తర్వాత ఒక వానాకాలం పూర్తిగా గడిచింది, రాత్రిళ్లు అమ్మతో నాలుగుసార్లు నెల్లూరు పోయొచ్చాను. బ్యాటరీ అదే, 4,300 పెట్టి కొన్నదే, పొద్దున్నే 12.6 చూపిస్తోంది.

మొన్న ఆదివారం మా కింద ఫ్లాటులో ఉండే ఆంటీ వాళ్ల శాంట్రో, ఇక్కడే శ్రీపెరుంబుదూరు దగ్గర తయారైన పాత బండి, సెల్ఫ్ తీసుకోలేదు. బ్యాటరీ షాపు కుర్రాడు వచ్చి అప్పటికే స్పానర్ తీశాడు. పది నిమిషాలు ఆగు తమ్ముడూ అని అడిగి నా మీటరు తెచ్చాను. రాత్రంతా చార్జర్ మీద ఉంచారట, నిలకడగా 12.5 ఉంది. సెల్ఫ్ కొడితే 8.2కి పడిపోయింది, మంచి బ్యాటరీ అయితే 9.6 కంటే కిందికి దిగదు. ఇంజిన్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.2, ఎర్త్ బాగుంది. ఈసారి పోయింది నిజంగా బ్యాటరీనే. మార్చేయ్ అన్నాను. కొత్తది బిగించాక లైట్లూ బ్లోయరూ వేసి కొలిస్తే 14.1 వచ్చింది, తేదీతో పాటు ఒక టేపు ముక్క మీద రాసి బ్యాటరీకి అంటించాను. పది నిమిషాలు ఆగినందుకు ఆంటీ ఆ కుర్రాడికి 200 విడిగా ఇచ్చింది. అతను వెళ్లబోతూ ఆగి, 'ఆ ఎర్త్ ఎట్లా చూశారు సార్, ఇంకోసారి చూపించండి' అన్నాడు. మీటరు అతని చేతికే ఇచ్చాను. ఒక తీగ ఇంజిన్ మీద, ఒకటి మైనస్ కొమ్ము మీద పెట్టుకుని, సెల్ఫ్ కొట్టమని ఆంటీకి చెప్పి, అంకె కోసం వంగి చూశాడు.